బుల్లియ్య ఇటుకలు

ఆ ఆదివారం సత్యకుమారి చేయాల్సిన పనులు ఇవి:

ఉప్పు చేప ముక్కలు తెల్లారకముందే నానబెట్టాలి. మధ్య మధ్య నీళ్ళు మార్చాలి.
లేత వంకాయలు తేవాలి. ఆయన్ని పంపితే ముదురువి తెస్తారు.
హాల్లో కొత్త గోడ మీద పడ్డ సిమెంటు మరకలు తుడవాలి.
గోడ పైన లైటు వేలాడుతోంది. ఎలక్ట్రీషియనుకు మళ్ళీ ఫోను చేయాలి.
అత్తయ్య గదిలో దుప్పటి మార్చాలి. ఫ్యాను రెక్కలు తుడవాలి.
హరిచందనకు పప్పు, పెరుగు విడిగా ఉంచాలి. చేప ముక్క తినదు, పులుసు వరకే.
హరిచందన ఏమన్నా నవ్వుతూ ఉండాలి.

పాత కేలెండరు కాగితం వెనక ఇవన్నీ రాసుకుని, ఫ్రిజ్ తలుపుకు అంటించబోయి ఆగింది. ఇంటికొచ్చేవాళ్ళ కళ్ళబడితే బాగుండదని చివరి మాట కొట్టేసింది. కొట్టేసినా చదవడానికి వీలుగానే ఉంది. అన్నిటిలోకీ కష్టమైన పని కూడా అదే.

"ఏమండీ, ఆ గుమ్మం దగ్గర నిలబడి చూసి చెప్పండి. ఇటుకలా ఉందా, లేదా?"

"ఉంది" అన్నాడు వెంకటరమణ పేపర్లోంచి తల ఎత్తకుండా.

"చూడకుండానే?"

"వారం రోజుల్నుంచి చూస్తూనే ఉన్నా గదే. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా అదే కనిపిస్తోంది."

"సురేష్ వాళ్ళ గోడ కంటే బాగుందా?"

వెంకటరమణ ఐసు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పాతికమంది కూలీల తగువులు తీర్చిన మనిషి. ఏ ప్రశ్నకు జవాబు చెప్పకూడదో బాగా తెలుసు. పేపరు మడిచి, "వంకాయలు నేను తెస్తాలే" అని చెప్పులేసుకున్నాడు.

"ముదురువి తేకండి!"

ధవళేశ్వరంలో ఆ ఇల్లు సత్యకుమారికి ఉద్యోగం వచ్చాక కట్టుకున్నది. ఇరిగేషన్ ఆఫీసులో ఆమె సీనియర్ అసిస్టెంటు. ఇల్లు శుభ్రంగా, తెల్లగా, ఎవరికీ వంక పెట్టడానికి వీల్లేకుండా ఉండేది. ఇప్పుడు హాల్లో తూర్పు గోడ మాత్రం నిండా ఎర్రగా ఉంది. అది నిజం ఇటుక కాదు. రాజమండ్రి కొట్లో ఇటుకలాగే కనిపించే పల్చటి టైల్స్ దొరుకుతాయి. మేస్త్రి వీరబాబు వాటిని గోడకు అంటించి, సందుల్లో సిమెంటు నింపి, "రెండడుగుల దూరంలో నిలబడితే మీ అత్తగారు కూడా పోల్చలేరండి" అని హామీ ఇచ్చి వెళ్ళాడు.

ఆ రెండడుగుల దూరం గురించే సత్యకుమారి దిగులంతా.

ఇదంతా మాఘమాసంలో మొదలైంది. మరిది సురేష్‌బాబు కాకినాడలో రొయ్యల కంపెనీలో పనిచేస్తాడు. అప్పుడే కొత్తింట్లోకి వెళ్ళాడు. ఇల్లు చిన్నదే. కానీ గుమ్మంలో అడుగుపెట్టగానే ఎదురుగా, హాలుకూ భోజనాల గదికీ మధ్య, ఒక అడ్డుగోడ. దానికి పూత లేదు, రంగు లేదు. మూలలు అరిగిన పాత ఎర్ర ఇటుకలు ఒకదాని మీద ఒకటి ఉన్నవి ఉన్నట్టుగా కనిపిస్తున్నాయి. పైనుంచి పసుపుపచ్చ లైటు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు భోజనాల సంగతి మర్చిపోయి ఆ గోడ ముందు వరసకట్టి ఫోటోలు దిగారు.

"ఎక్స్‌పోజ్డ్ బ్రిక్ అంటారక్కా దీన్ని" అంది తోడికోడలు హరిచందన సంబరంగా. "ఇప్పుడు హైదరాబాదులో అందరూ ఇలాగే చేయిస్తున్నారు. కానీ మనవాటికి ఉన్న అందం కొత్త ఇటుకలకు ఎక్కడొస్తుంది చెప్పండి!"

మనవి. ఆ మాట సత్యకుమారి గొంతులో చేప ముల్లులా దిగింది.

ఆ ఇటుకలు ఉప్పాడలో వాళ్ళ పాత ఇంటివి. మామగారు బుల్లియ్య కట్టిన ఇల్లు. ఆయన పోయిన కొన్నేళ్ళకు సముద్రం ఆ వీధి దాకా వచ్చింది. ఒక తుఫానుకు వంటగది, ఇంకో ఏడు అరుగు, ఆ తర్వాత మిగిలిందంతా పోయింది. అల వెనక్కి తీసినప్పుడల్లా అత్తగారు అమ్మణ్ణి పరిగెత్తుకెళ్ళి, కూలిన గోడల్లోంచి ఇటుకలు ఏరి, చేపల తట్టలో నెత్తిన పెట్టుకుని సర్కారు కాలనీలో ఇచ్చిన జాగా దాకా మోసింది. అవి అక్కడ కుప్పగా ఏళ్ళ తరబడి పడి ఉన్నాయి. ఇవన్నీ ఎందుకని ఎవరైనా అడిగితే, "ఉండనీ, వాటికి మీరేమన్నా తిండి పెడతన్నారా?" అనేది.

ఆ కుప్ప మొత్తం హరిచందనకు ఇచ్చేసింది. పెద్దకోడలితో ఒక్క మాటైనా చెప్పకుండా.

పోనీ ఆ హరిచందనకు ఉప్పాడ గాలైనా తెలుసా? కాకినాడ మెయిన్‌రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టువాళ్ళ అమ్మాయి. సురేష్‌ను ఇష్టపడి చేసుకుంది. పెళ్ళయిన కొత్తలో చేపల వాసనకు ముక్కు మూసుకున్న పిల్ల. అలాంటిది ఆ ఇటుకలు ఆమెవట!

సత్యకుమారి సంగతి వేరు. తల్లి లేని పిల్లగా, ఇంటర్‌తో ఆగిపోయిన చదువుతో ఆ ఇంట అడుగుపెట్టింది. అమ్మణ్ణే ఆమెను పిఠాపురంలో డిగ్రీలో చేర్చింది. తను చేపల తట్టతో, కోడలు పుస్తకాల సంచీతో, ఒకే ఆటోలో వెళ్ళేవాళ్ళు. వాసన వస్తోందని ఆటోలోవాళ్ళు ఎవరైనా సణిగితే, "మా కోడలు డిగ్రీ చదువుతుందండి, కాస్త జరగండి" అనేది అమ్మణ్ణి, ఆ రెండు మాటలకూ ఏదో సంబంధం ఉన్నట్టు. డిగ్రీ పట్టా వచ్చిన రోజు దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, చేపలు కొనేవాళ్ళందరికీ చూపించింది. ఒక్క అక్షరం చదవడం రాని మనిషి, పట్టాను తలకిందులుగా పట్టుకుని.

ఆ అత్తయ్య తనది. అది సత్యకుమారి ఎవరికీ చెప్పని లెక్క. కంటి ఆపరేషను తనే చేయించింది. మోకాళ్ళ నొప్పికి నూనె తనే రాసింది. కాలనీ ఇల్లు వదిలి వచ్చాక అమ్మణ్ణి ఉన్నది తన దగ్గరే. చుట్టపుచూపుగా చిన్నకొడుకు దగ్గరికి వెళ్ళడం, నాలుగు రోజులకు తిరిగి రావడం.

గృహప్రవేశానికి వెళ్ళిన అమ్మణ్ణి పది రోజులుండి వస్తానంది. మాఘం పోయింది. ఉగాది పోయింది. వానలు మొదలయ్యాయి. ఫోను చేసినప్పుడల్లా, "వస్తానమ్మా కుమారీ, ఇక్కడ కాస్త పనుంది" అనేది. ఆ ఇంట్లో ఆవిడకు ఏం పని? సత్యకుమారికి అర్థమైంది ఒక్కటే. ఆ గోడ తన అత్తయ్యను లాగేసుకుంది.

అందుకే రాజమండ్రి వెళ్ళింది. టైల్స్ తెచ్చింది. మనసులో ఒకటే లెక్క, ఇక్కడా ఇటుక గోడ ఉంటే అత్తయ్య ఇక్కడే ఉంటుంది. డిగ్రీ చదివి, డిపార్ట్‌మెంటు పరీక్షలు పాసై, ఆఫీసులో ఎవరి ఫైల్లోనూ తప్పు పోనివ్వని మనిషి ఇలా ఆలోచించింది. ఈర్ష్య పుట్టిన చోట చదువు ఏ మూల కూర్చుంటుందో!

కారు ఆగిన చప్పుడైంది.

"వదినా, ఆకలేస్తోంది! ఉప్పు చేప వాసన కాలవగట్టు దాకా వచ్చేసింది" అంటూ సురేష్ ముందు దిగాడు. వెనక హరిచందన, చేతిలో స్వీటు డబ్బా. కాస్త చిక్కింది. కళ్ళ కింద నలుపు. సత్యకుమారి అది చూసింది గానీ చూడనట్టే ఉంది. ఆ వెనక అమ్మణ్ణి, చెంగు నడుముకు దోపుకుని, ఈ ఇల్లు విడిచి ఎక్కడికీ వెళ్ళనిదానిలా చెప్పులు మూలన విడిచి లోపలికొచ్చింది.

"ఏంటే కుమారీ, ఇలా నల్లబడిపోయావు? ఆపీసు ఎండలో పెట్టేరా?"

"మీరు లేరుగా అత్తయ్యా, తిండి పెట్టేవాళ్ళు లేక" అంది సత్యకుమారి. నవ్వుతూ ఉండాలన్నది గుర్తుపెట్టుకుని నవ్వింది.

అప్పుడు అందరూ గోడను చూశారు.

"అబ్బ!" అంది హరిచందన. "భలే ఉందక్కా! అచ్చం ఇటుకలాగే ఉంది."

అచ్చం ఇటుకలాగే. ఆ అమ్మాయి మనస్ఫూర్తిగానే అంది. కానీ సత్యకుమారి చెవులు ఆ రోజు మనస్ఫూర్తిగా అన్నవేవీ వినే స్థితిలో లేవు.

అమ్మణ్ణి దగ్గరికి వెళ్ళింది. రెండడుగుల దూరం దాటింది. అరచేయి గోడకు ఆనించి, చేప తాజాదో కాదో చూసేటప్పుడు నొక్కినట్టు, బొటనవేలితో నొక్కింది.

"చల్లగా ఉంది" అంది. "ఇది టైలు గదమ్మా?"

"టైలే" అంది సత్యకుమారి.

"బానే ఉంది. తుడుచుకోడానికి సుఖం." అని చేయి చెంగుకు రాసుకుని, ఎప్పుడూ చేసే పనే చేసింది. హాల్లో సోఫా ఉండగా నేరుగా వంటింట్లోంచి పెరట్లోకి నడిచి, బట్టలుతికే బండ మీద కూర్చోబోయింది.

ఈ అలవాటు సత్యకుమారికి మొదటినుంచీ నచ్చదు. ఆఫీసువాళ్ళు వచ్చినా అంతే, ఆవిడ మాత్రం ఆ బండ మీదే. ఆ రోజు ఇంకా నచ్చలేదు. వారం సెలవు పెట్టి, మేస్త్రి వెంటపడి, గోళ్ళు అరిగేలా మరకలు తుడిచి చేయించిన గోడకు వచ్చిన మెప్పు, తుడుచుకోడానికి సుఖమట.

"అక్కడెందుకత్తయ్యా, సోఫాలో కూర్చోండి" అంది. గొంతు తను అనుకున్నదానికంటే పైకి లేచింది. "మా సోఫా కూడా నచ్చలేదా?"

అమ్మణ్ణి గుమ్మంలో ఆగింది.

"అదేం మాటే?"

"ఏముంది, ఉన్నమాటే. కాకినాడలో అయితే పొద్దస్తమానం హాల్లోనే కూర్చుంటారట గదా, గోడకు ఎదురుగా. సురేష్ చెప్పాడు. ఇక్కడికొస్తే మాత్రం పెరటి బండ."

"వదినా, నేనేదో మాటవరసకి..." అన్నాడు సురేష్.

"నువ్వుండు సురేష్. నేనేం తగువు పెట్టుకోవట్లేదు." నవ్వుతూ ఉండాలన్న మాట ఇంకా గుర్తుంది. కానీ నవ్వు పెదవుల మీద నిలవడం లేదు. "మాది టైలే. ఒప్పుకుంటా. నాకు కుప్పలకి కుప్పలు ఎవరిచ్చారని? చిన్నకోడలికి ఒక ఇల్లు మొత్తం ఇచ్చారు. నేను ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు నాకోసం ఒక్క ఇటుకైనా ఎవరైనా మోసుకొచ్చారా?"

వంటింట్లో కుక్కరు కూత పెట్టింది.

అమ్మణ్ణి ముఖం చిత్రంగా అయింది. కోపం కాదు. ఏదో చెప్పబోయి, చెప్పకూడదనుకుని, కోడలి ముఖం వైపు ఒకసారి చూసి, వెళ్ళి ఆ బండ మీదే కూర్చుంది, ఇటు వీపు పెట్టి.

"చాలే, ఇంక ఆపు" అన్నాడు వెంకటరమణ మెల్లగా. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను అలా అనడం అదే మొదలు. ఆ మాటకు సత్యకుమారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. విసురుగా వంటింట్లోకి వెళ్ళి పొయ్యి కట్టేసింది.

వెనకే హరిచందన వచ్చింది. గుమ్మానికి ఆనుకుని, చేతిలో ఫోను పట్టుకుని నిలబడింది.

"అక్కా, మీకొకటి చూపించాలి. అసలు అందుకే వచ్చాం ఇవాళ."

"ఇంకా ఏం చూపిస్తావు? ఆ గోడ ఫోటోలు చూస్తూనే ఉన్నాం."

"ఇవి ఎవరికీ పెట్టలేదక్కా."

ఫోటోలో అదే గోడ. కానీ సత్యకుమారి మొదట పోల్చుకోలేదు. ఎర్రటి ఇటుకల మీద తెల్లటి బూజులాంటిది పూసి ఉంది. వార్నిష్ పొరలు పొరలుగా లేచింది. కొన్ని ఇటుకలు పొడిపొడిగా రాలుతున్నాయి. గోడ కింద నేల మీద తెల్లగా, ముగ్గు ఒలికినట్టు.

"ఏంటిది?"

"ఉప్పు" అంది హరిచందన. "గృహప్రవేశమైన కొన్నాళ్ళకే మొదలైంది, వానలొచ్చాక మరీను. తుడిస్తే పోతుంది, తెల్లారేసరికి మళ్ళీ వస్తుంది. వార్నిష్ వేయిస్తే ఇంకా ఎక్కువైంది. ఇటుకలు పాడైపోతున్నాయక్కా. ఆయన ఆ గోడ పడగొట్టించి పారేద్దామంటున్నారు. వచ్చే వారం మేస్త్రి వస్తానన్నాడు."

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. ఆ ఫోటో చూడగానే సత్యకుమారికి గుండెలో ఎక్కడో చల్లగా అనిపించింది. ఎండలోంచి వచ్చి కుండలో నీళ్ళు తాగినంత హాయి. బాగా అయింది, అనుకుంది కూడా. అది ఒక్క క్షణమే. కానీ ఆ క్షణం ఉందని ఆమెకు తెలుసు.

హరిచందన ఇంకా చెబుతోంది. "అత్తయ్య ఎందుకు అక్కడే ఉండిపోయారో మీకు తెలీదు. రోజూ అందరికంటే ముందు లేచి ఆ ఉప్పు గుడ్డతో తుడుస్తారు. రాలిన పొడిని చేత్తో ఎత్తుతారు. 'కుమారికి చెప్పకు, బాధపడుద్ది' అంటారు. పగలంతా గోడకు ఎదురుగా కూర్చుంటారు, రోగి మంచం దగ్గర కూర్చున్నట్టు. నాకేం చేయాలో తెలీలేదక్కా. ఇవి నాకిమ్మని అడగడమే నా తప్పు."

"నువ్వడిగావా?"

"నేనే అడిగాను. కాలనీ ఇంటికి వెళ్ళినప్పుడు ఆ కుప్ప మీద కూర్చుని ఆవిడ కబుర్లు చెప్పేవారు. ఇది అరుగుది, ఇది కిటికీ కిందది అని. మా ఇంట్లో పెట్టుకుంటానత్తయ్యా అన్నాను. సరేనన్నారు." హరిచందన ముక్కు తుడుచుకుంది. "మీకు కోపంగా ఉంది, తెలుసు. నాకు మాత్రం లేదనుకున్నారా? మా ఇంట్లో ఏం చేసినా 'మా కుమారి అయితే ఇలా చేసుద్ది, మా కుమారి అయితే అలా చేసుద్ది'. పప్పు పెడితే కుమారి, బట్టలు మడతపెడితే కుమారి. ఎంత మంటగా ఉండేదో! ఆ గోడ కట్టుకుంటేనైనా నేను కూడా ఈ ఇంటిదాన్ని అవుతాననుకున్నాను. అది కూడా నిలబడలేదు."

సత్యకుమారి ఎదురుగా ఏడుస్తున్న పిల్లకు కొంగు అందించి, తనకు మిగలక చేత్తో కళ్ళు తుడుచుకుంది. చేతికి ఉప్పు చేప నానిన నీళ్ళ వాసన. కళ్ళు భగ్గుమన్నాయి.

పెరట్లోకి వెళ్ళేసరికి అమ్మణ్ణి అలాగే కూర్చుని ఉంది. బండ మీద పొద్దున ఉతికిన తడి ఇంకా ఆరలేదు.

"అత్తయ్యా, లేవండి. చీర తడిసిపోతుంది. తప్పుగా మాట్లాడాను."

"నువ్వు కోపంలో అన్నావు. నేను కోపం తెచ్చుకోలేదులే."

"మరి ఇక్కడెందుకు కూర్చున్నారు?"

అమ్మణ్ణి పక్కకు జరిగి, బండ కింద చేయిపెట్టి తట్టింది.

"నీకోసం మోసుకురాలేదా కుమారీ?"

సత్యకుమారి వంగి చూసింది. బండ కింద, దాన్ని మోస్తూ, ఐదు ఇటుకలు. అరిగిన మూలలు. పొడుగు తక్కువ, మందం ఎక్కువ, ఇప్పటి ఇటుకల్లా కాదు. ఎక్కడివో ఒక్కసారిగా తెలిసింది. ఆ వెనకే ఒక రోజు గుర్తొచ్చింది.

ఈ ఇంటి శంకుస్థాపన రోజు. ఆఫీసునుంచి పై అధికారి డీఈ గారు, తోటి ఉద్యోగులు వచ్చారు. కొత్త పట్టుచీరలో తను. అప్పుడే అమ్మణ్ణి ఉప్పాడనుంచి రెండు బస్సులు మారి, చంకలో బరువైన గుడ్డసంచీతో, చెమట కారుతూ దిగింది. "అమ్మా, వీటిని ఎక్కడోచోట కలపండి" అంది. సంచీలోంచి ఉప్పాడ వాసన. అందరూ చూస్తున్నారు. తను సంచీ గబుక్కున అందుకుని మేస్త్రికి ఇచ్చి, "వెనక ఎక్కడైనా పెట్టు" అని, అత్తయ్యను కుర్చీలో కూర్చోబెట్టి కూల్‌డ్రింక్ ఇచ్చింది. సంచీలో ఏముందో విప్పి చూడలేదు. మళ్ళీ అడగలేదు.

"నాకే ముందు తెచ్చారు" అంది సత్యకుమారి.

"పెద్దకోడలివి గదా. మన గుమ్మం కిందవి. ముందు నీకు ఇవ్వకుండా ఇంకొకరికిత్తానా? ఇక్కడ పెట్టేరని తర్వాత చూసేను. మంచి చోటే అనుకున్నాను. రోజూ నీ చెయ్యి తగులుద్ది. నాకు కూర్చోడానికీ బాగుంది."

సత్యకుమారి బండ పక్కన నేల మీద చతికిలబడింది. అత్తయ్య ఒళ్ళో తల పెట్టి, ఆటోలో పుస్తకాల సంచీతో వెళ్ళిన ఆ పిల్లలాగే వెక్కివెక్కి ఏడ్చింది. అమ్మణ్ణి ఆమె వీపు మీద చేయి వేసి ఉంచింది.

ఏడుపు తగ్గాక, ముఖం ఆ ఇటుకలకు దగ్గరగా ఉండగా, సత్యకుమారికి ఒక సంగతి కంటబడింది. వేలితో ఒక ఇటుకను గీసి చూసింది. ఎర్రగా, గట్టిగా ఉంది. తెల్లటి పూత ఎక్కడా లేదు.

"అత్తయ్యా, ఇవీ ఆ ఇంటివే గదా. మరి వీటికి ఉప్పేదీ?"

అమ్మణ్ణి వంగి చూసింది. "నిజమేనే."

"చందనా! ఒకసారి ఇటు రా!" సత్యకుమారి కేక పెట్టింది. అలా పేరు పెట్టి పిలవడం అదే మొదలని ఇద్దరికీ తర్వాత గానీ తట్టలేదు. "చూడు. ఇన్నేళ్ళుగా వీటి మీదనుంచి రోజూ మంచినీళ్ళు పోతున్నాయి. ఉతికిన నీళ్ళు, జాడించిన నీళ్ళు. ఉన్న ఉప్పంతా నీళ్ళలో దిగిపోయింది."

పెరటి గుమ్మం పక్కన గిన్నెలో, తెల్లవారుజామున తను నానబెట్టిన చేప ముక్కల నీళ్ళు తెల్లగా కలకబారి ఇంకా అక్కడే ఉన్నాయి. ముగ్గురూ అటు చూశారు. అమ్మణ్ణి నెత్తి మీద చేయిపెట్టుకుంది.

"ఓరి నా బుద్ధి తగలెయ్య! పుట్టిందగ్గర్నుంచి ఉప్పు చేప నానబెట్టకుండా పొయ్యి మీద పెట్టలేదు. సముద్రంలో నానిన ఇటుకల్ని మాత్రం కడగనైనా కడక్కుండా గోడ కట్టేయమన్నాను. ఈ పిల్లకి తెలీదు సరే, కొట్లో పుట్టింది. నాకేమైంది?"

హరిచందన ఏడుపులోంచే నవ్వింది. "అయితే మా గోడను కూర వండేశామా అత్తయ్యా?"

"నానబెట్టకుండా వండేరే! ఇంక ఉప్పు కాక ఏముంటాది?"

అన్నదమ్ములిద్దరూ నవ్వులు విని పెరట్లోకి వచ్చారు. ఇంతలో ఏం జరిగిందో ఇద్దరికీ అర్థం కాలేదు. సురేష్ మాత్రం సంగతి విని, "మేస్త్రి సున్నం ఎక్కువ, సిమెంటు తక్కువ కలిపి కట్టాడు. మెల్లగా తీస్తే ఇటుకలు విడిపోతాయి. పారేయకుండా నానబెడదామంటే తీయిస్తాను" అన్నాడు.

"ఇక్కడికి తీసుకురా" అంది సత్యకుమారి. "మా పెరట్లో తొట్టి ఉంది. కుళాయిలో గోదావరి నీళ్ళు. రోజూ నేను మారుస్తాను."

"అన్నీనా వదినా? ఆఫీసు?"

"ఉప్పు చేప వండే రోజున నీళ్ళు మార్చే గదా ఆఫీసుకు వెళ్తున్నాను. పాడైనవి పోగా మిగిలినవి చందన హాల్లో మళ్ళీ కట్టుకుంటుంది. అవి ఆమెవే."

అందరూ భోజనాలకు లేచారు. అమ్మణ్ణి బండ మీదనుంచి లేస్తూ కోడలి భుజం పట్టుకుంది.

"కుమారీ, ఆ టైలు గోడ ఎంతకి చేయించావో గానీ, దాన్ని చూత్తే నాకు మీ మావయ్యే గుర్తొచ్చేడు."

"మావయ్యా? ఎందుకు?"

"మా వీధిలో దొరబాబని ఒకడుండేవాడు. వాడు తాటాకిల్లు పీకేసి పెంకుటిల్లు వేసేడు. అంతే, మీ మావయ్యకి అన్నం సయించలేదు. గోదారి పక్క బట్టీల నించి పడవలో ఇటుకలు తోలుకొచ్చేడు. వీధి మొత్తానికి మొదటి ఇటుకిల్లు. 'పూత పూయించవేంటి బుల్లియ్యా, డబ్బులు చాల్లేదా?' అని అడిగేవారు జనం. డబ్బులుండేవి. 'పూత పూత్తే లోపల ఇటుకుందో మట్టుందో ఆ దొరబాబుగాడికి ఎలా తెలుసుద్ది?' అనేవాడు నాతో. చచ్చేదాకా పూయనివ్వలేదు."

సత్యకుమారి నిలబడిపోయింది. ఆ ఇంట్లో కాపురం చేసినన్నాళ్ళూ ఆ గోడలకు పూత లేకపోవడం లేమి వల్లనే అనుకుంది. ఆ లేమికే సిగ్గుపడి సంచీ విప్పకుండా మేస్త్రికి ఇచ్చేసింది.

"నువ్వు ఈ ఇంటి కోడలివే" అంది అమ్మణ్ణి. "అచ్చం ఆయన పోలికే."

ఆ రోజు ఉప్పు చేప వంకాయ పులుసు బాగా కుదిరింది. వంకాయలు మాత్రం ముదురువి. హరిచందన పులుసుతో పాటు ఒక చిన్న ముక్క కూడా వేసుకుంది. తిన్నదో, కంచం అంచున దాచిందో సత్యకుమారి చూడలేదు. అమ్మణ్ణి సాయంత్రం కారెక్కలేదు. "ఇటుకలు ఇక్కడికొత్తన్నాయి గదా, నాకిక్కడే పని" అంది.

తర్వాత చాలా రోజులు ధవళేశ్వరంలో ఆ ఇంటి పెరట్లో తొట్టి నిండా ఇటుకలు నానాయి. పొద్దున్నే నీళ్ళు వదిలి నాలుక మీద ఒక చుక్క వేసుకుని చూసేది అమ్మణ్ణి. "ఇంకా ఉంది" అనేది. మళ్ళీ నింపేవాళ్ళు. ఆదివారాలు హరిచందన వచ్చి కొబ్బరిపీచుతో రుద్దేది. చుక్కలో ఉప్పు తగలని రోజున ఒక్కొక్కటే ఎండబెట్టి కాకినాడ పంపారు. గోడ మునుపటంత ఎత్తు రాలేదు. నడుము దాకా వచ్చింది. అమ్మణ్ణి ఆనుకుని నిలబడడానికి అదే సరిపోయింది.

ఆ ఐదు ఇటుకలను మాత్రం సత్యకుమారి బండ కిందనుంచి తీయనివ్వలేదు. వాషింగ్ మెషీను ఉన్నా, సెలవు రోజున రెండు చీరలైనా ఆ బండ మీద ఉతుకుతుంది.

ఇది చదివినవారికి ఒక్క మనవి. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు పూత లేని ఇటుక గోడ ఒకటి కనిపించి, దాన్ని చూసి మనసులో చిన్న మంట పుడితే కంగారు పడకండి. ఉప్పాడ ఒడ్డున, వీధిలో ఇంకొకడిని చూసి ఓర్వలేక, పడవలో ఇటుకలు తెచ్చి, లోపల ఇటుకే ఉందని అందరికీ కనపడేలా ఇల్లు కట్టిన బుల్లియ్య అనే మనిషిని ఒక్కసారి తలుచుకోండి. ఆయన్ను తలుచుకోవడానికి ఇప్పుడు అక్కడ ఇల్లు లేదు.